చిక్కుడు కంచె దాటింది, పూత మాత్రం మంచుతో పాటే వచ్చింది

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం చలి ప్రాంతానికి వచ్చి మూడేళ్లయింది. పెరట్లో పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు జాగా ఉంది. రెండేళ్లుగా కూరగాయలు వేస్తున్నాను, రెండేళ్లూ చేతికి ఏమీ రాలేదు. ఈసారి కిటికీ దగ్గర టమాటా నారు పోసి, ఎండ బాగా కాస్తోంది కదా అని మే మొదటి వారంలో నేలలో నాటాను. రెండు రోజులకి ఆకులు తెల్లబడ్డాయి, నాలుగో రాత్రి మంచు పడి మొత్తం నల్లబడిపోయాయి. మళ్లీ నారు కొని పెట్టాను. సెప్టెంబరు 28న మంచు పడేనాటికి చెట్లనిండా పచ్చికాయలే. చిక్కుడు తీగ కంచె దాటి పాకింది కానీ ఒక్క కాయ కాయలేదు, పూత వచ్చిన వారానికే మాడిపోయింది. కొత్తిమీర నాలుగాకులు వేసి పువ్వు కాడ లేపేసింది. కరివేపాకు కుండీ లోపలికి తెచ్చి నెల అయింది, అప్పటినుంచి ఆకులు రాలుతూనే ఉన్నాయి, చచ్చిపోయిందేమో అని టెన్షన్‌గా ఉంది. మా ఇంట్లో వాళ్లు నా చెయ్యి మంచిది కాదంటున్నారు. వచ్చే ఏడాది వేయాలా, మానేయాలా? వేస్తే ఏం వేయాలి?

సమాధానం:

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. ముందు ఆ చెయ్యి మాట తీసి పక్కన పెట్టు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో నీ చేతి తప్పు నాకెక్కడా కనపడలేదు. కంచె దాటి పాకిన చిక్కుడు, చెట్టునిండా కాయలున్న టమాటా, ఇవి మొక్కలు పెంచడం రానివాళ్ల పెరట్లో కనపడవు. నీ మొక్కలు బాగానే పెరిగాయి, నీ తేదీలు తప్పాయి, అంతే. ఎండలు కాసే చోట విత్తనం నాలుగు వారాలు అటూ ఇటూ పడినా మొక్క సర్దుకుంటుంది. చలి ప్రాంతంలో అలా కుదరదు. ఇక్కడ రెండు వారాలు ముందు నాటితే చలికి పోతుంది, రెండు వారాలు ఆలస్యమైతే కాయ పండదు. అందుకే మానేయకు, వేయి. కానీ విత్తనం కొనేముందు ఒక లెక్క వేసుకో.

ఆ లెక్కకి రెండు తేదీలు కావాలి. వసంతంలో ఆఖరి ఫ్రాస్ట్ ఎప్పుడు పడుతుంది, శరదృతువులో మొదటి ఫ్రాస్ట్ ఎప్పుడు పడుతుంది. ఫ్రాస్ట్ అంటే ఆకాశం నుంచి రాలే మంచు కాదు, రాత్రి చలి సున్నాకి దిగినప్పుడు గడ్డి మీద, ఆకుల మీద తెల్లగా ఉప్పులా పేరుకునేది. నీ ఊరి పేరు పెట్టి వెతికితే ఈ రెండు తేదీలూ దొరుకుతాయి. ఉదాహరణకి ఆఖరి ఫ్రాస్ట్ మే 15, మొదటి ఫ్రాస్ట్ సెప్టెంబరు 30 అనుకో, మధ్యలో 138 రోజులు. నీ తోట మొత్తం ఆ 138 రోజుల్లోనే. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే దెబ్బ తింటారు: ఆ మే 15 అనేది సాధారణంగా సగటు తేదీ. అంటే ఇంచుమించు రెండేళ్లకోసారి ఆ తేదీ తర్వాత కూడా ఫ్రాస్ట్ పడొచ్చు. కాబట్టి టమాటా, మిరప, వంగ, బీన్స్, దోస లాంటి చలికి ఆగని మొక్కల్ని ఆ తేదీ దాటాక ఇంకో పది రోజులు, కుదిరితే రెండు వారాలు ఆగి, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి దిగడం లేదని చూసుకున్నాకే నేలలో పెట్టాలి. పగలు ఎంత ఎండ కాసిందో చూడకు. మేలో పగటి ఎండ అందరినీ మోసం చేస్తుంది.

చాలామంది జోన్ నంబరు చూసి కొంటారు, నువ్వూ చూసే ఉంటావు. అది చలికాలంలో చలి సగటున ఎంత లోతుకి దిగుతుందో చెప్పే నంబరు, ఏళ్ల తరబడి ఉండే మొక్కలు బతుకుతాయా లేదా తెలుసుకోవడానికి పనికొస్తుంది. టమాటా ఎప్పుడు నాటాలో అది చెప్పదు.

ఇప్పుడు నీ టమాటా సంగతి. రెండు రోజులకి ఆకులు తెల్లబడ్డాయన్నావు చూడు, అది చలి వల్ల కాదు, ఎండ దెబ్బ. కిటికీ అద్దం వెనక పెరిగిన ఆకు నేరుగా ఎండని, గాలిని ఎన్నడూ చూడలేదు. ఒక్కసారిగా బయట పెడితే ఆకు పాలిపోయి కాగితంలా అయిపోతుంది. దానికి విరుగుడు హార్డెనింగ్, అంటే నారుని మెల్లగా బయటికి అలవాటు చేయడం. నాటడానికి వారం, పది రోజుల ముందు మొదలుపెట్టి, మొదటిరోజు గంటసేపు నీడలో, రెండోరోజు రెండు గంటలు, తర్వాత కొంచెం పొద్దుటి ఎండ తగిలేలా, ఇలా పెంచుకుంటూ పోయి ఆఖరి రెండు మూడు రోజులు పూర్తి ఎండలో ఉంచాలి, చలి బాగా దిగనప్పుడు రాత్రి కూడా బయటే వదిలేయాలి. చెప్పడానికి తేలికే, రోజూ ట్రేలు మోసుకుని బయటికీ లోపలికీ తిరగాలి, నిజంగా విసుగొస్తుంది. అయినా ఈ పది రోజులు ఎగ్గొట్టకు. నేను ఒక ఏడాది బద్ధకించి ముప్పై మిరప నారు ఒకేసారి బయట పెట్టేశాను. మధ్యాహ్నానికి తలలు వాల్చేశాయి. ఐదు మాత్రం తేరుకున్నాయి, అవి కూడా నెల రోజులు చిగురు వేయకుండా అలాగే నిలబడిపోయాయి. రెండున్నర నెలలు పెంచిన నారు ఒక పూటలో పోతే ఎలా ఉంటుందో నీకూ తెలుసు కదా.

నారు పోసే తేదీ కూడా ఆ ఆఖరి ఫ్రాస్ట్ తేదీ నుంచి వెనక్కి లెక్కేయాలి. టమాటాకి 6 నుంచి 8 వారాల ముందు, మిరపకీ వంగకీ 8 నుంచి 10 వారాల ముందు, దోస, గుమ్మడి జాతికి 3, 4 వారాలు చాలు, వాటి వేళ్లు కదిపితే కోపం వస్తుంది కాబట్టి ఎక్కువ రోజులు ట్రేలో ఉంచకూడదు. జనవరిలోనే ఆత్రపడి టమాటా పోస్తే మే వచ్చేసరికి మొక్క ట్రేలోనే ముసలిదైపోతుంది. మిరప విత్తనం మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి, చల్లటి గదిలో మూడు వారాలైనా కదలదు, కుళ్లిపోతుంది కూడా. కింద పెట్టే హీట్ మ్యాట్ ఉంటే వారం, పది రోజుల్లో ముక్కు బయటపెడుతుంది.

వెలుతురు గురించి గట్టిగా చెప్పాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కిటికీ వెలుతురు నారుకి చాలదు. మన కంటికి గది బాగానే వెలుగ్గా కనపడుతుంది, మొక్కకి అది చీకటే. అందుకే దారంలా సన్నగా సాగి కిటికీ వైపు వాలిపోతుంది. మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్ ఒకటి ఆకులకి ఒక జానెడు కంటే తక్కువ ఎత్తులో వేలాడదీసి రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగించు, మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరుపు. ఒక చిన్న ఫ్యాను మెల్లగా తిరిగితే కాడ గట్టిపడుతుంది, మట్టి పైపొర ఆరుతుంది. మొలకల మెడ దగ్గర నల్లగా నొక్కినట్టయి ఒరిగిపోవడం చూశావా ఎప్పుడైనా? అది తడి ఎక్కువైతే వచ్చే బూజు తెగులు. ట్రే కింద నీళ్లు పోసి మట్టి పీల్చుకున్నాక మిగిలినవి పారబోస్తే ఆ బెడద చాలావరకు ఉండదు.

నారు సన్నగా సాగిపోయినా పారేయకు. టమాటా కాడ మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. వెచ్చటి చోట అయితే లోతుగా గుంట తీసి మెడదాకా పూడుస్తారు, కానీ చలి ప్రాంతంలో లోపలి మట్టి జూన్‌లో కూడా చల్లగా ఉంటుంది కాబట్టి లోతుకి పోవద్దు. నాలుగైదు అంగుళాల లోతు చాలు పొడుగ్గా చిన్న కాలవ తీసి, కింది ఆకులు తుంచి, మొక్కని అందులో పడుకోబెట్టి, తల ఒక్కటీ పైకి వంచి మట్టి కప్పు. రెండు రోజుల్లో తల తనంతట తనే నిటారుగా లేస్తుంది. పడుకున్న కాడ పొడుగునా వెచ్చటి పైమట్టిలో వేళ్లు దిగుతాయి.

ఇక ఆ పచ్చికాయలు. దీనికి కారణం నువ్వు కొన్న రకం అయి ఉంటుందని నా అనుమానం. ప్యాకెట్ మీద 60 రోజులు, 85 రోజులు అని రాసి ఉంటుంది, అది టమాటాకి విత్తనం వేసిన రోజు నుంచి కాదు, నేలలో నాటిన రోజు నుంచి. పైగా ఆ లెక్క మంచి వెచ్చటి రోజులకి. చల్లటి వేసవిలో దానికి ఇంకో రెండు వారాలు కలుపుకోవాలి. నువ్వు జూన్‌లో మళ్లీ నాటి ఉంటావు, పెద్ద కాయ రకమైతే ఆగస్టు చివర్లో గాని పిందె ఊరదు, అప్పటికే రాత్రులు చల్లబడతాయి. రాత్రి 13 డిగ్రీల కంటే దిగితే పుప్పొడి సరిగ్గా పనిచేయక పూలు రాలిపోతాయి కూడా. అందుకే 50 నుంచి 65 రోజుల్లో వచ్చే రకాలే చూసుకో. స్టుపీస్, గ్లేసియర్, ఎర్లీ గర్ల్ ఇలాంటివి, లేదా చెర్రీ టమాటాలు ఏవైనా. ఆగస్టు చివరికి, అంటే మొదటి ఫ్రాస్ట్‌కి నాలుగు వారాల ముందు, మొక్క తల తుంచేసి కొత్త పూలన్నీ గిల్లేయి. కోయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ ఆ పూలు ఎలాగూ కాయ కావు, వాటికి పోయే బలం ఉన్న కాయలకి వెళ్తుంది.

ఫ్రాస్ట్ వస్తుందని తెలిసిన సాయంత్రం పచ్చికాయలన్నీ కోసేయొచ్చు. కాయ అడుగున లేత గులాబీ ఛాయ కొంచెం మొదలైతే చాలు, ఇంట్లో 18 నుంచి 21 డిగ్రీల దగ్గర చక్కగా పండుతుంది. దానికి ఎండ అక్కర్లేదు. ఒక కాగితం సంచిలో పండిన అరటిపండుతో పాటు పెడితే, పండు నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు తగిలి ఇంకా తొందరగా రంగు తిరుగుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, అక్కడ పండడం ఆగిపోతుంది, రుచి పోతుంది. ఈసారికి నీ కాయలు మంచు తగిలి మెత్తబడి ఉంటే అవి ఇక నిలవ ఉండవు, కంపోస్ట్‌లో వేసేయి.

ఫ్రాస్ట్ పడే రాత్రి ఏం జరుగుతుందో ఒకసారి చెప్తాను, ఇది తెలిస్తే ప్రతి ఏడాదీ రెండు మూడు వారాలు అదనంగా దక్కుతాయి. మబ్బు లేకుండా, గాలి లేకుండా, నక్షత్రాలు స్పష్టంగా కనపడే రాత్రులు ప్రమాదం. పగలంతా నేల పీల్చుకున్న వేడి అడ్డు లేకుండా ఆకాశంలోకి పోతుంది. చల్లగాలి నీళ్లలాగా పల్లానికి దిగి అక్కడ నిలుస్తుంది, అందుకే పెరట్లో పల్లంగా ఉన్న మూల ముందు మాడుతుంది, గోడ పక్కది బతుకుతుంది. ఫోన్‌లో 2 డిగ్రీలు అని చూపించినా నిశ్చింతగా పడుకోకు. వాతావరణ కేంద్రాలు ఉష్ణోగ్రత కొలిచేది నేలకి మనిషెత్తు పైన, నేల దగ్గర అంతకంటే చల్లగా ఉంటుంది. 3 డిగ్రీలు అంటే నేను కప్పేస్తాను. పాత దుప్పట్లు, చీరలు, దుప్పటి లాంటి ఫ్లీస్ గుడ్డ ఏదైనా సరే, పొద్దు గుంకకముందే, అంచులు నేలని తాకేలా కప్పాలి. నేలలోంచి వచ్చే వేడిని పట్టి ఉంచడమే మన పని, మొక్క మెడకి చుట్టి వదిలేస్తే వేడంతా కింద నుంచి పోతుంది. ప్లాస్టిక్ షీటు ఆకుకి తగిలితే తగిలిన చోటల్లా మాడుతుంది, కింద నాలుగు కర్రలు పాతి ఎత్తుగా పెట్టు. పొద్దున్న ఎండ రాగానే తీసేయడం మర్చిపోకు.

చిక్కుడు దగ్గరికి వద్దాం. దీనికోసమే నీ ఉత్తరానికి ఇంత వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే చలి ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లు ఎంతోమంది ఇదే చెప్పి బాధపడ్డారు, ఎరువు తక్కువైందా, నీళ్లు ఎక్కువయ్యాయా, విత్తనం మంచిది కాదా అని ఏవేవో చేశారు. అవేవీ కాదు. పాత చిక్కుడు రకాలు చాలావరకు పగటి పొడుగు చూసి పూస్తాయి. పగలు కురచబడి రాత్రి పెరిగితేనే వాటికి పూత వేళ అయిందని తెలుస్తుంది. భూమధ్యరేఖకి దగ్గరి ప్రాంతాల్లో ఏడాది పొడుగునా పగలు 11 నుంచి 13 గంటల మధ్యే తిరుగుతుంది. అదే 45 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్‌లో పగలు 15 గంటలు దాటుతుంది, 50 డిగ్రీల దగ్గర 16 దాటుతుంది. ఆ వెలుతురుకి తీగ ఆకు మీద ఆకు వేసుకుంటూ పాకుతుంది, పూత ఊసే ఎత్తదు. పగలు 13 గంటల కంటే తగ్గేది సెప్టెంబరు మొదటి వారంలో. అప్పుడు మొగ్గ వేస్తుంది, పూత విప్పేసరికి నీ సెప్టెంబరు 28 వచ్చేస్తుంది. ఆ తీగ దాని లెక్క ప్రకారం సరైన వేళకే పూసింది. దాన్ని తిట్టలేం.

ఏం చేయాలంటే, పగటి పొడుగుతో పనిలేని పొట్టి చిక్కుడు రకాలు దొరికితే అవి వేయి. దొరకకపోతే ఫ్రెంచ్ బీన్స్ వేసుకో, తోటల కోసం అమ్మే రకాల్లో చాలావరకు పగటి పొడుగు పట్టించుకోవు, పొదరకం 50, 60 రోజుల్లో కాపుకొస్తుంది. తీగే కావాలి, పందిరి నిండాలి అనుకుంటే ఎర్రపూల రన్నర్ బీన్స్ చూడు, అది చల్లటి వేసవిలోనే బాగా కాస్తుంది, మండే ఎండల్లో పూత రాలుస్తుంది. ఏ బీన్ అయినా మట్టి 15 డిగ్రీలు దాటాకే వేయాలి, చల్లటి తడిమట్టిలో గింజ ఉబ్బి కుళ్లిపోతుంది. ఇదే లెక్క ఉల్లికీ వర్తిస్తుంది, కాకపోతే తలకిందులుగా. వేడి ప్రాంతాల ఉల్లి విత్తనం 12 గంటల పగటికే గడ్డ కట్టడం మొదలుపెడుతుంది, పొడుగు పగళ్లలో మొక్క పెరగకముందే గోలీకాయంత గడ్డ వేసి ఆగిపోతుంది. నీకు కావలసింది లాంగ్ డే రకం, అంటే పగలు బాగా పొడుగయ్యాకే గడ్డ కట్టేది. గోంగూరదీ చిక్కుడు స్వభావమే, పగలు తగ్గితేనే పూస్తుంది, కానీ మనకి కావలసింది ఆకు కాబట్టి అక్కడ పూత రాకపోవడం లాభమే. మిరపలాగే దాన్నీ లోపల నారు పోసి, బాగా వెచ్చబడ్డాక బయట పెట్టు.

కొత్తిమీర నీకు తెలియకుండానే సరైన పంట ఎంచుకున్నావు, వేళ మాత్రం జూన్ అయి ఉంటుంది. పొడుగు పగలు, ఎండ రెండూ కలిస్తే అది పువ్వు కాడ లేపుతుంది. చల్లటి ఏప్రిల్, మేలో, మళ్లీ ఆగస్టు మధ్య నుంచి వేస్తే ఆకు గుబురుగా వస్తుంది, తేలికపాటి ఫ్రాస్ట్‌కి చలించదు కూడా. ధనియాన్ని వేళ్ల మధ్య మెల్లగా నలిపితే రెండు బద్దలవుతుంది, ఒక్కో బద్దలో ఒక్కో విత్తనం ఉంటుంది. నేరుగా నేలలోనే చల్లు, నారు పీకి నాటితే తల్లివేరు దెబ్బతిని అలిగి పూతకొచ్చేస్తుంది. ఒకేసారి మడినిండా చల్లకుండా రెండు మూడు వారాలకోసారి జానెడు జాగాలో చల్లుకుంటూ పోతే ఎప్పుడూ లేత ఆకు ఉంటుంది. మెంతికూర కూడా ఇంతే.

నీ ఉత్తరంలో నాకు లోటనిపించింది ఒక్కటే, కొత్తిమీర తప్ప అన్నీ వేడి కోరే పంటలే వేశావు. చలి ప్రాంతంలో తోట మొదలయ్యేది మేలో కాదు, మంచు కరిగి మట్టి ఆరిన రోజున. బఠాణీ మట్టి 5 డిగ్రీలున్నా మొలుస్తుంది, ఎండ ముదిరితే అదే ఆగిపోతుంది. పాలకూర, ముల్లంగి, కేల్, లెట్యూస్, బీట్‌రూట్, ఇవన్నీ ఆఖరి ఫ్రాస్ట్‌కి మూడు నుంచి ఆరు వారాల ముందే వేయొచ్చు. ముల్లంగి చిన్నరకం 25, 30 రోజుల్లో చేతికొస్తుంది, నువ్వు టమాటా నాటే వేళకి ఆ మడి ఖాళీ అయిపోతుంది. క్యారెట్ మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ రోజులన్నీ పైమట్టి ఆరకూడదు, విత్తనం మీద ఒక చెక్క పలక పెట్టి రోజూ ఎత్తి చూస్తూ ఉండు, మొదటి మొలక కనపడగానే తీసేయి. జూలై మొదట్లో వేసిన క్యారెట్‌ని రెండు ఫ్రాస్ట్‌లు పడేదాకా నేలలోనే ఉంచి అక్టోబరులో పీకి చూడు. చలికి గడ్డకట్టకుండా ఉండడానికి అది తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, కేల్ ఆకు కూడా అంతే. మా పిల్లలు కొళాయి కింద మట్టి కడిగేదాకా కూడా ఆగరు. ఎండలు కాసే చోట ఎంత కష్టపడ్డా ఆ తీపి రాదు.

మట్టి ఆరిందో లేదో చూడడానికి ఒక పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కు. వేలితో పొడిస్తే ఉండ పొడిపొడిగా విడిపోతే పని మొదలుపెట్టొచ్చు. మైనంలా వేలి గుర్తు పడి ముద్దగానే ఉంటే ఇంకో వారం ఆగు, తడిమట్టి తవ్వితే పెళ్లలు కట్టి ఆ ఏడాదంతా ఇటుకల్లా ఉంటాయి. చుట్టూ పలకలు కొట్టి అడుగు ఎత్తు మడి కట్టుకుంటే నీరు తొందరగా దిగి మట్టి ముందుగా వెచ్చబడుతుంది. టమాటా వేసే చోట నాటడానికి రెండు వారాల ముందే ప్లాస్టిక్ షీటు పరిచి అంచులు బిగిస్తే ఇంకా మంచిది. నాటిన కొత్తలో ఆకు అడుగున ఊదారంగు కనపడితే ఎరువు వేయకు. చల్లటి వేళ్లు ఫాస్ఫరస్ తీసుకోలేక అలా అవుతుంది, మట్టి వెచ్చబడితే దానంతటదే పోతుంది.

సువాసన మొక్కల్లో పుదీనా, చైవ్స్, థైమ్, ఒరెగానో ఒకసారి నాటితే చాలు, చలికాలం గడిచాక వసంతంలో మళ్లీ చిగురిస్తాయి. పుదీనాని మాత్రం కుండీలోనే ఉంచు, నేలలో పెడితే మడంతా తనదే అంటుంది. బేసిల్ 10 డిగ్రీలకే నల్లబడుతుంది, రోజ్‌మేరీ గట్టి చలికి ఆగదు, ఆ రెంటినీ చలి ముదరకముందే లోపలికి తేవాలి.

ఇప్పుడు అక్టోబరు చివర్లో ఉన్నాం, తోట అయిపోయిందని గొడ్డలీ పారా కడిగి పెట్టేయకు. నేల గడ్డకట్టడానికి ఇంకా మూడు నాలుగు వారాలు ఉంటుంది, వెల్లుల్లికి సరిగ్గా ఇదే అదను. నాటడానికి అమ్మే గట్టి కాడ రకం, అంటే హార్డ్‌నెక్ తీసుకో. రెబ్బలు విడదీసి, పైపొర ఒలవకుండా, మొన పైకి ఉండేలా రెండు మూడు అంగుళాల లోతులో, ఒక్కోదానికి ఆరంగుళాల ఎడం ఇచ్చి గుచ్చు. పైన ఎండుగడ్డి గాని రాలిన ఆకులు గాని అరడుగు మందాన పరిచేయి. చలికాలమంతా ఆ చలి తగిలితేనే రెబ్బ విడివడి పాయ కడుతుంది, తగలకపోతే ఒకే గుండ్రటి గడ్డగా మిగిలిపోతుంది. మార్చిలో మంచు ఇంకా పూర్తిగా కరగకముందే గడ్డి సందుల్లోంచి పచ్చటి మొనలు కనపడతాయి. జూన్‌లో మెలిక తిరిగిన పూకాడలు వస్తాయి, అవి తుంచేయి. జూలైలో కింది ఆకులు మూడో వంతు ఎండాక పెకలించు. నీ యాభై చదరపు అడుగుల్లో పది చదరపు అడుగులు దీనికిచ్చినా నలభై పాయలు వస్తాయి.

కరివేపాకు సంగతి ఆఖరికి ఉంచాను, అదే నిన్ను ఎక్కువ బాధ పెడుతోందని నాకర్థమైంది. రాత్రులు 10 డిగ్రీలకి దిగిన తర్వాత తెచ్చి ఉంటావు, అది కొంచెం ఆలస్యం, వచ్చే ఏడాది 12 డిగ్రీల దగ్గరే లోపల పెట్టు. చలి తగిలి, ఆపై వెలుతురు తగ్గి, హీటర్ పొడిగాలి సోకేసరికి ఆకు రాల్చి నిద్రలోకి పోతోంది. ఇప్పుడు నువ్వు చేయగలిగే అపకారం ఒక్కటే, జాలిపడి నీళ్లు పోయడం. ఆకు లేని మొక్క నీళ్లు తాగదు, వేరు కుళ్లుతుంది. వేలు రెండు కణుపులదాకా మట్టిలో గుచ్చు, లోపల పొడిగా ఉంటేనే ఒక గ్లాసు పోయి. ఎరువు మార్చి దాకా వద్దు. హీటర్‌కి దూరంగా, ఎండ వచ్చే కిటికీ దగ్గర పెట్టు. మిగిలిన ఆకుల వెనక సన్నటి సాలెగూడు లాంటిది గాని, కాడ మీద గోధుమరంగు పొక్కులు గాని ఉన్నాయేమో చూడు, మొదటిది ఎర్రనల్లి, రెండోది పొలుసు పురుగు. ఎర్రనల్లి ఉంటే బాత్రూంలో పెట్టి ఆకుల అడుగు తగిలేలా షవర్‌తో కడిగేయి, పొక్కులుంటే గుడ్డతో తుడిచేయి.

బతికుందో లేదో ఇప్పుడే తెలుసుకోవచ్చు. కాడ మీద, మట్టికి నాలుగంగుళాల పైన, గోరుతో సన్నగా గీకు. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం కిందికి వచ్చి గీకు. పచ్చదనం ఎక్కడ తగిలితే అక్కడిదాకా మొక్క ఉన్నట్టే. మోడులా కనపడినా పారేయకు, ఏప్రిల్‌లో కాడ పక్కన చిన్న మొగ్గ కనపడినప్పుడు నీళ్లు కొంచెం పెంచు.